చెదలు, పుచ్చుపురుగు, నా నాలుగు పేజీల కోపం

ఆ రోజుల్లో నాకు కోపమొస్తే నోరు పెగిలేది కాదు, కలం పరుగెత్తేది. పందొమ్మిదేళ్ల వయసు, ఎస్సెల్సీ ప్యాసయ్యానన్న పొగరు, ఆత్మకూరు దగ్గర అటవీశాఖ వెదురు డిపోలో కొత్త గుమాస్తా ఉద్యోగం. ఆ ఏడు మా రేంజరు (ముక్కు మీద కోపం ఇద్దరికీ ఉండేది, అధికారం మాత్రం ఆయనకే) పౌర్ణమి ముందు రోజుల్లో వెదురు కొట్టించాడు. వెన్నెల్లో కొట్టిన వెదురుకు పురుగు పడుతుందని నల్లమల చుట్టుపక్కల అందరూ చెప్పే మాటే. డిపో కావలి తాత కూడా అదే చెప్పి వద్దన్నాడు. రేంజరు నవ్వి కొట్టిపారేశాడు.

రెండు నెలలు తిరక్కుండా వెదుళ్లన్నీ పుచ్చిపోయాయి. అప్పుడాయన ఏమన్నాడంటే, అవి చెదలట, తాత కట్టలను రాళ్ల మీద పేర్చకుండా నేల మీదే పడేశాడట, వచ్చే వారం తనిఖీకొచ్చి పనిలోంచి తీసేస్తాడట. ఆ రాళ్లు ముసలాయన ఒక్కొక్కటే మోసుకొచ్చి వేయడం నేను చూశాను. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది.

ఆ మధ్యాహ్నమే కూర్చుని నాలుగు పేజీలు రాశాను. చెదలు నేలలోంచి వస్తాయి, పుచ్చుపురుగు వెదురు లోపలే పుడుతుంది, మొదటిది కావలివాడి తప్పు, రెండోది కొట్టించినవాడి తప్పు అని వాయించాను. చివర ‘ఈ డిపోలో చెద అన్నది లేదు’ అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఎవరి కంటా పడకుండా గోడ అల్మారాలో అట్టడుగున దాచాను.

రేంజరు వచ్చిన రోజు రొమ్ము విరుచుకుని అల్మారా తీస్తే చేతికి మట్టి వచ్చింది, మట్టి నిండా తెల్లటి చెదపురుగులు. మిగిలిందల్లా ఆ ఆఖరి వాక్యం, దాని కింద రెండు గీతలు. రేంజరు అది చదివి, ఇంకేం సాక్ష్యం కావాలన్నాడు. తాత ముఖం చూడలేకపోయాను.

తాత మాత్రం ఒక వెదురు తెచ్చి బల్ల మీద తట్టాడు. తెల్లటి పిండి రాలింది. నా చేతిలోని మట్టి తీసి దాని పక్కనే పెట్టాడు.

“చెద తింటే మట్టి, పురుగు తింటే పిండి సారూ. మట్టి ఈయప్ప అల్మారాలో ఉండాది, నా కట్టల్లో యాడా లేదు. వెన్నెల్లో కొట్టద్దని ఆ పొద్దే చెప్తి కదా.”

రేంజరు ఆ పిండిని వేలికి అద్దుకుని చూసి, జీపెక్కాడు. తాత పని తాతకు మిగిలింది. రేంజరు తనిఖీ పుస్తకంలో మాత్రం ‘గుమాస్తా కాగితాలకు చెద పట్టనిచ్చాడు’ అని రాసిపోయాడు. అదీ నిజమే.

ఆ పందొమ్మిదేళ్లవాణ్ణి తిట్టాలనిపిస్తుంది గానీ తిట్టలేను. తాత కోసం వాడికి అంత కోపం రావడం నాకిప్పటికీ ఇష్టమే. ఆ కాగితాలు కూడా తాత వెదుళ్లలాగే నాలుగు రాళ్ల మీద పెట్టుకుని ఉంటే బాగుండేది.