మ్యాచ్‌కు ముందే కృతజ్ఞత పెట్టించిన చిన్నాయన

నిన్న పొద్దున ప్రాక్టీస్ అయిపోయి బ్యాగ్‌లోంచి ఫోన్ తీస్తే నాయనవి ఆరు మిస్డ్ కాల్స్.

తిరిగి చేస్తే "యోహాను చిన్నాయన లేడు రా" అన్నాడు.

యాడికి పోయినాడు అని అడిగినాను.

నిజంగానే అడిగినాను. నాయన ఏడుపు అందుకున్నాడు. అప్పుడు అర్థమైంది.

చేనికి నీళ్లు కట్టడానికి పోయి మోటార్ దగ్గరే పడిపోయినాడంట. గుండెపోటు. మొన్న ఆదివారం కూడా చర్చిలో డోలక్ వాయించిన మనిషి.

ఈరోజు సమాధి చేసి వచ్చి కూర్చున్నా. ఏం రాయాలో తెలీదు. సంవత్సరం కావస్తోంది నేను చిన్నాయనతో మాట్లాడి. తప్పు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

తెలియని వాళ్లకు చెప్తా. నేను కడపలో డిగ్రీ, కాలేజ్ వాలీబాల్ టీమ్‌లో సెట్టర్‌ని. అంటే బాల్ లేపి స్మాషర్‌కు అందించే పని. కొట్టేది వాడు, పేరు కూడా వాడికే. కానీ బాల్ ఎవరికి పోవాలనేది సెట్టర్ చేతిలో ఉంటుంది.

మా సీనియర్ సెట్టర్ ఉన్న మూడేండ్లూ మా కాలేజ్ ఫైనల్ తప్పలేదు. ఆ అన్న కోర్స్ అయిపోయి వెళ్లాక, పోయిన సీజన్‌లో ఆ ప్లేస్ నాకిచ్చినారు. కాలేజ్ గ్రూప్ నిండా ఒకటే మెసేజ్, అన్న పరువు తీయొద్దు అని.

అది చాలదన్నట్టు కమలాపురం పక్కన మా ఊర్లో చిన్నాయన.

శనివారం నా మొదటి మ్యాచ్. దానికి ముందు ఆదివారమే చిన్నాయన ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించినాడు. ఉద్యోగం వస్తేనో, బిడ్డ పుడితేనో పెట్టే కూడిక అది. పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేసినారు. ఊరంతా చికెన్ తినింది. చర్చి గోడకు నా ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని ఊర్లో నవ్వని వాళ్లు లేరు.

నాకు నవ్వు రాలేదు.

శనివారం ఒక్క ఆటోలో పదకొండు మంది వచ్చినారు. ఆటంతా చిన్నాయన అరుపే.

"నువ్వే కొట్టు నాయనా, వానికెందుకు ఇస్తాండావు?"

సెట్టర్ పని ఏందో ఎన్నిసార్లు చెప్పినా ఆయన తలకెక్కలేదు.

చివరి సెట్. వాళ్లకు ఒక్క పాయింట్ వస్తే అయిపోతుంది. బాల్ నా మీదికి వచ్చింది. ఎడమ పక్క మా స్మాషర్ రెడీగా ఉన్నాడు, లేపితే చాలు. అంతలో మళ్లీ ఆ గొంతు. నా చేతికి ఏమైందో ఏమో, నేనే కొట్టేసినా.

నెట్‌కు తగిలి మా వైపే పడింది. మొదటి రౌండ్‌లోనే ఇంటికి.

కోచ్ సార్ ఒకటే అడిగినారు, నిన్ను కొట్టమని ఎవరు చెప్పినారు అని.

నేను బయటికి వచ్చి అందరి ముందూ చిన్నాయనను అనేసినా. "గెలవకముందే కూడిక ఎవరు పెట్టమన్యారు నిన్ను? నీ వల్లనే ఓడిపోయినాము."

చిన్నాయన చేతిలోని బాటిల్ నా వైపు చాపినాడు.

"సరేలే నాయనా. ఎండలో ఉండావు, నీళ్లు తాగు."

అంతే, ఆటో ఎక్కి వెళ్లిపోయినాడు.

తర్వాత నేను ఊరికి పోయినప్పుడల్లా చేని గట్టు మీద నుంచి పిలిచేవాడు. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినపడనట్టు పోయేవాణ్ణి. ఆ ఫ్లెక్సీ వానకు తడవకుండా ఎర్రగడ్డల (ఉల్లిపాయల) కుప్ప మీద కప్పినారు. నా మొహం తలకిందులుగా కనపడితే దానికి కూడా ఆయన మీదనే కోపం వచ్చింది. సిగ్గుగా ఉంది రాయడానికి.

నిన్న జనం తగ్గినాక చిన్నమ్మ పక్కన కూర్చుని అడిగినా, అట్లా ముందే ఎందుకు పెట్టించినాడు అని.

"గెలిచినాంక పెడ్దాములే అని నేనూ అంటి. గెలిచినాంక అందరూ పెడ్తారు, మనోడు ఆడేకి నిలబడినాడు గదా, అది సాలదా అన్యాడు మీ చిన్నాయన."

మరి గ్రౌండ్‌లో అంతగా ఎందుకు అరిచినాడంటే, టీవీలో మ్యాచ్ వచ్చినా అట్లే అరుస్తాడులే అనింది.

నాకు బుర్ర పనిచేయడం లేదు.

ఆడితే చాలు అనుకున్న మనిషి ఫ్లెక్సీ ఎందుకు వేయించినాడు? గెలవాలనే ఆశ ఉంటే, ఓడగొట్టిన వాణ్ణి నీళ్లు తాగమని ఎందుకన్నాడు? నేను ఇన్నాళ్లూ దేనికి అలిగినట్టు?

అడిగి ఉంటే చెప్పేవాడు. నేను అడగలేదు. ఏడుపు వస్తుంది, మధ్యలో మళ్లీ కోపం వస్తుంది, ఎవరి మీదో తెలీదు.

ఈరోజు సమాధుల దగ్గర నుంచి వచ్చినాక పాస్టర్ గారు నన్ను పక్కకు పిలిచినారు. వచ్చే వారం ఈ సీజన్ మొదటి మ్యాచ్. దానికి ముందు ఆదివారం కూడిక కావాలని చిన్నాయన ముందే చెప్పి పెట్టినాడంట. మాట కూడా మాట్లాడని నా కోసం.

ఉంచాలా, తీసేయాలా అని అడిగినారు. చిన్నమ్మ నా వైపే చూస్తా ఉంది.

ఉంచండి అన్నాను.

మరి దేనికి కృతజ్ఞత అని చెప్పాలి అన్నారు.

"నాకు తెలీదు సార్. మా చిన్నాయన దేనికి చెప్పమన్యాడో దానికే చెప్పండి."

చిన్నాయనా, ఈసారి నువ్వు ఎంత అరిచినా కొట్టను. బాల్ లేపుతా.

ఎండలో శానా తిరిగినావు. ప్రభువు నిన్ను నీడపట్టున ఉంచాల. నెమ్మదిగా పడుకో.