సున్నం కింద రెండు గీతలు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, పుంగనూరులోని మా ఇంటికి క్రిస్మస్ సున్నం వాసనతో వచ్చేది. గోడలు ఆరి తెల్లబడ్డాక మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఎర్రమన్ను తడిపి లోపలి గోడ మీద వేలితో రెండు అడ్డగీతలు గీసేది. రెంటి మధ్య జానెడు ఎడం. మా ఇల్లు చెరువు కట్టకు దిగువన ఉండేది. నేను పుట్టడానికి చాలా ఏళ్ల ముందు కట్ట తెగి నీళ్లు ఇంట్లోకి వచ్చాయని, ఆ గుర్తులు అవేనని మాత్రమే నాకు తెలుసు. రెండుసార్లు వచ్చి ఉంటాయని నాకు నేనే అనుకున్నాను, ఎవరినీ అడగలేదు. ఆ గీతల కింద నిలబడి ఎత్తు కొలుచుకోవడం నాకొక ఆట. ఆరేళ్లు నిండాక ఒకరోజు నా తల కింది గీతను దాటింది. అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. మనవరాలు ఎదిగిందని సంతోషం కాబోలు అనుకున్నాను.

మావాళ్లు తరతరాలుగా కూలి చేసినవాళ్లు. మా నాయనకు మదనపల్లెలో ఒక ఆఫీసులో అటెండరు ఉద్యోగం వచ్చాక, పెంకులు దించి మిద్దె వేయాలన్న ఆశ పుట్టింది. మబ్బు పట్టిందంటే చాలు, ఆయన చూపు కట్ట వైపే ఉండేది. నీళ్లు వస్తే ఎక్కి నిలబడడానికి నాలుగు మెట్లు, ఒక మిద్దె ఉండాలనేవాడు. దానికి లోను కావాలి. లోనుకు ఇంటి మీద ఇన్సూరెన్సు కాగితం కావాలన్నారు. ఈ సంగతి సంఘంలో పొక్కింది. ఆదివారం ఆరాధన ముగిశాక, వరండాలో చెప్పులు తొడుక్కుంటూ ఒక పెద్దాయన ఎత్తిపొడిచాడు.

"ఏమప్పా, నీ ఇంటిని దేవుడు సూసుకోడా? ఇన్సూరెన్సు యాల?"

"నువ్వు తలుపుకు గొళ్లెం యాల పెడతాండావు మామా? అదీ నమ్మకం లేకనేనా?" అన్నాడు నాయన.

అందరూ నవ్వారు. మా పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

కానీ ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది. ఇంతకు ముందు ఈ ఇంట్లోకి వరద నీరు వచ్చిందా? వచ్చిందని రాస్తే కాగితం రాదని ఎవరో నాయనకు చెప్పారు. ఆయన సంఘంలో వాక్యం చదివే మనిషి. ఆ ఫారం రెండు రోజులు మేము ప్రార్థన చేసుకునే బల్ల మీదే ఉంది. మూడో రోజు 'లేదు' అని రాశాడు. పండగకు ఇంకా నెల ఉండగానే సున్నం కలిపి, కుంచె నా చేతికిచ్చాడు. "ఆ గీతలు కనపడకుండా కొట్టు తల్లీ, కంపెనీ సారు ఇల్లు సూసేదానికి వస్తాండాడు" అన్నాడు. అవ్వ అప్పుడు స్త్రీల కూటానికి వెళ్లి ఉంది. పెద్దవాళ్ల పని నాకప్పగించారన్న సంబరంతో కొట్టాను. తిరిగొచ్చిన అవ్వ గోడ చూసింది, నా చేతులకంటిన సున్నం చూసింది. కొబ్బరినూనె రాసి నా వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది.

వారం తర్వాత సారు వచ్చాడు. టేపుతో గోడలు కొలిచాడు, కట్ట ఎంత దూరమో చూశాడు. ఎప్పుడైనా నీళ్లు వచ్చాయా అని నోటితో మళ్లీ అడిగాడు. "లేదు సార్" అన్నాడు నాయన. అది నేను రోజూ ప్రార్థనలో వినే గొంతు కాదు.

అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. సారు తాగడానికేమో అనుకున్నాం. ఆమె వాటిని గోడ మీద చల్లింది. నాది పలచని పూత. తడిసిన చోట సున్నం తెలుపు మాసిపోయి, అడుగునున్న ఎరుపు పైకి తేలింది. ముందు పై గీత, తర్వాత కింది గీత.

"ఈడ దాకా వచ్చినాయి సార్" అంది అవ్వ, పై గీత మీద చెయ్యి పెట్టి.

"మరి కిందిది? ఇంకోసారి వచ్చాయా?"

"అది నీళ్లది కాదు సార్. నా కూతురి ఎత్తు. ఆరేండ్లు దానికి. జానెడు తక్కువైపాయ."

నాయన బయటికి వెళ్లిపోయాడు. సారు కలానికి మూత పెట్టి, చెంబు అడుగున మిగిలిన నీళ్లు అడిగి తాగి, అవ్వకు దండం పెట్టి వెళ్లాడు.

ఆ సాయంత్రం అవ్వ నాకు మిగతాది చెప్పింది. కట్ట తెగిన రోజు ఆమె, తాత కలుపు తీయడానికి పోయారు. ఇంట్లో పిల్లలిద్దరే. పదేళ్ల మా నాయన ఒక చేత్తో కిటికీ కమ్మి, ఒక చేత్తో చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన తల నీళ్లకు పైన ఉంది. ఆ పిల్లది లేదు. కాసేపటికి పట్టు జారింది.

"నా బిడ్డ ఆడ నిలబడుకోని ఉండాది అనుకోని గీస్తా ఉంటి పాపా. అది సూసి మీ నాయన తల దించుకుంటాండాడని ఇన్నేండ్లూ నాకు తట్టలా" అని అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇన్సూరెన్సు రాలేదు. లోను రాలేదు. అవ్వ బతికుండగా ఆ ఇంటికి మిద్దె పడలేదు. నాయన పాస్టరుగారి దగ్గరికి పోయి, నేను అబద్ధం రాసినానయ్యా అని ఒప్పుకున్నాడు. ఆ నెలంతా వాక్యం చదవడానికి ముందుకు పోక వెనక చాపమీదే కూర్చున్నాడు. ఇంట్లో అవ్వతో ముక్తసరి మాటలే.

పండగ ముందు మళ్లీ సున్నం కొట్టారు. అవ్వ ఎర్రమన్ను తడపలేదు. "ఈ ఏడు వద్దులేప్పా, నా గుండెల్లో ఉండాది, సాలు" అంది. నాయన తనే మన్ను తడిపాడు. పై గీత గీశాడు. కింది గీత దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ల మీద కూలబడ్డాడు. అవ్వ వంగి ఆయన చెయ్యి పట్టుకుంది.

"యాల వదిలినావని ఏ పొద్దన్నా నిన్ను అడిగినానా నాయనా? ఈ చెయ్యన్నా నాకు మిగిల్చినాడు గదా దేవుడు."

నాయన పదేళ్ల పిల్లవాడిలా ఏడ్చాడు. రెండు చేతులు కలిసి గీసిన ఆ గీత కొంచెం వంకరగా వచ్చింది. ఎవరూ దాన్ని సరిచేయలేదు.

ఇప్పుడు వాళ్లిద్దరూ ప్రభువు సన్నిధిలో ఉన్నారు. పెళ్లయి కుప్పం వచ్చాక మేము ఇల్లు కట్టుకున్నప్పుడు నా ముందుకూ అదే ప్రశ్న వచ్చింది. పొరుగింటి ముసలామెను అడిగితే, దగ్గర్లోని వంక పొంగినప్పుడు నీళ్లు మోకాలి దాకా వచ్చాయని చూపించింది. 'వచ్చింది' అని రాసి, నేల అంతకన్నా ఎత్తు లేపి కట్టుకున్నాం. దేవుణ్ణి నమ్మినవాళ్లు నిజానికి సున్నం పూయనక్కర్లేదని అవ్వ చెంబెడు నీళ్లతో నేర్పింది.

అయితే నాతో మిగిలింది అదొక్కటే కాదు. ఆ కింది గీత ఇప్పుడు నా నడుముకు కాస్త పైదాకా వస్తుంది. ఆదివారం పిల్లలు నా పక్కన వరుసగా నిలబడినప్పుడు, సరిగ్గా అంత ఎత్తున్న బిడ్డ ఎవరైనా ఉంటే, నా చెయ్యి దానంతట అదే కిందికి పోయి ఆ చేతిని వెతుక్కుంటుంది. పాట అయిపోతుంది, ప్రార్థన అయిపోతుంది. "నొప్పి పుడతాంది పెద్దమ్మా" అని ఆ బిడ్డ అనేదాకా వదలలేను.