గట్టు పట్టుకుని చెప్పిన మాటలు

రైల్వే ఉద్యోగి ఫణికుమార్ రాసిన మొదటి వ్యాసం ఇలా మొదలైంది: "విషయం: ఈత నేర్చుకొనుట. పై విషయమునకు సంబంధించి తమకు మనవి చేయునది ఏమనగా, ఇటీవల ఆల్థాన్ ఈతకొలనునందు నేను నీటిలో దిగుట జరిగినది."

కాత్యాయని వంటింట్లో నిలబడి అది పైకి చదివింది. నవ్వు ఆగక పొయ్యి కట్టేసింది.

"ఏమండీ, రైల్వేవాళ్లు మునిగిపోవాలన్నా ముందు దరఖాస్తు పెట్టుకోవాలేమో!"

ధర్మరాజు కూడా నవ్వాడు గాని లోపల ఉలిక్కిపడ్డాడు. ఉద్యోగమంతా బ్యాంకు ఉత్తరాలు రాసిన చెయ్యి ఆయనది. తానైనా అలాగే మొదలుపెట్టి ఉండేవాడు.

సూరత్ తెలుగువాళ్ల వెబ్‌సైట్‌లో పెళ్లి సంబంధాలు, పండగ ఫొటోలు, సంతాపాలు తప్ప చదవడానికి ఏమీ ఉండేది కాదు. యాభై దాటాక ఈత నేర్చుకున్న కాత్యాయని పట్టుబట్టి అందులో 'పెద్దవాళ్ల ఈత' అని ఒక పేజీ పెట్టించింది. ఆదివారం కుటుంబాల బ్యాచ్‌లో దిగే తెలుగువాళ్ల వెంట పడింది. భయం గురించి రాయమంది. ముక్కులోకి నీళ్లు పోయిన రోజు గురించి, ఇంట్లో ఎవరెవరు వెక్కిరించారో దాని గురించి రాయమంది. కొందరు రాశారు కూడా. అయితే అందరూ రైల్వేలోనో, బ్యాంకులోనో, బీమా ఆఫీసులోనో తల పండినవాళ్లే. రాయడానికి కూర్చుంటే అందరికీ ఒకటే భాష వచ్చేది. భయము తొలగించబడినది. మునుగుట సంభవించినది.

మరమగ్గాల కార్ఖానాలో పనిచేసే ఎల్లవ్వ అయితే మొదట్లోనే చేతులెత్తేసింది. "నాకు రాసుడు రాదక్కా. సాంచెలు నడిపేటోళ్లం, మాకెందుకు గివన్నీ?"

ఒక ఆదివారం ఫణికుమార్ మొదటిసారి ఆగకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదాడు. వచ్చి గట్టు పట్టుకుని రొప్పుతున్నాడు. పక్కనే ఉన్న కాత్యాయని అడిగింది, "ఎలా ఉందండీ?"

"చచ్చాననుకున్నా... మధ్యలో మా నాన్న గుర్తొచ్చాడు... చిన్నప్పుడు గోదాట్లో... నన్ను భుజాన వేసుకుని..."

అంతకంటే చెప్పలేకపోయాడు. ఊపిరి అందని మనిషికి 'మనవి చేయునది ఏమనగా' అనడానికి గాలి ఎక్కడుంటుంది? కాత్యాయనికి దారి దొరికింది. అప్పటినుంచి ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో వేసుకుని కొలనుకి తెచ్చేది. ఎవరు ఈదొచ్చి గట్టు పట్టుకున్నా ఎదురుగా కూర్చుని అడిగేది. చెప్పినంతా రికార్డు చేసి, ఇంటికెళ్లి ఒక్క మాట మార్చకుండా టైపు చేసేది.

అలా ఎల్లవ్వ వ్యాసం కూడా వచ్చింది. "పొద్దంత సాంచెల లొల్లి. నీళ్లల్ల తలకాయ వెడితే సప్పుడంత బందైతది. జర్రసేపు ఏం ఇనబడది. గందుకే వస్త." అంతే వ్యాసం. రింగ్ రోడ్ బట్టల మార్కెట్లలో పనిచేసే తెలుగువాళ్లు కూడా దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు.

ఆ బ్యాచ్‌లో దిగేవాళ్లలో రాయనిది ధర్మరాజు ఒక్కడే. "మీదెప్పుడు?" అని ఆమె అడిగినప్పుడల్లా, "చెప్పడం నా వల్ల కాదు, తీరిగ్గా రాసిస్తాలే" అనేవాడు.

పోయిన వానాకాలం జ్వరమని ఆసుపత్రిలో చేరిన కాత్యాయని ఇంటికి తిరిగి రాలేదు.

కర్మలన్నీ అయ్యాక ఫణికుమార్ ఫోన్ చేశాడు. "ధర్మరాజు గారూ, వెబ్‌సైట్‌వాళ్లు మేడం గారి ఫొటో పంపమన్నారండి. సంతాపాల్లో వేస్తారట."

"అక్కడ వద్దండీ. ఆవిడ ఈత పేజీలోనే ఉండాలి. నేను రాసిస్తాను."

అన్నాడే గాని, కూర్చుంటే వచ్చింది ఇదీ: "నా సతీమణి శ్రీమతి కాత్యాయని పరమపదించినారని తెలియజేయుటకు చింతించుచున్నాను." చదువుకుని సిగ్గుపడ్డాడు. ఇది వింటే ఆమె మళ్లీ పొయ్యి కట్టేసేది. మళ్లీ రాశాడు, కొట్టేశాడు. జీవితమంతా పక్కనున్న మనిషి గురించి తన దగ్గర బ్యాంకు మాటలే మిగిలాయా అని భయం వేసింది.

ఆదివారం ఆమె ఫోన్ అదే కవర్లో వేసుకుని కొలనుకి వెళ్లాడు. మెట్ల మీద ఎల్లవ్వ కూర్చుని ఉంది.

"ఏంది సారూ, అక్క గురించి రాసినవా?"

"రావట్లేదమ్మా."

"కూసుంటే ఎట్లొస్తది? అక్క మమ్ముల గిట్లనే కూసోబెట్టి అడిగిందా? ఈదినంక అడిగింది. దిగు."

"లోతు వైపు నేనెప్పుడూ పోలేదు."

"గట్టు పొంటి పో. ఫణి సారు పక్కకుంటడు. అక్క అన్నట్టు, మునిగితే దరఖాస్తు పెడ్తడు తియ్."

చాలా రోజుల తర్వాత ధర్మరాజుకి నవ్వొచ్చింది. ఫోన్ ఆమె చేతికిచ్చాడు. దిగాడు. నాలుగు బారలు వేసేసరికి చేతులు బరువెక్కాయి. కాళ్ల కింద నేల లేదు. మొహం ఎత్తి గాలి మింగుతూ, ఎలాగో అవతలి గట్టు అందుకున్నాడు. అప్పటికే అక్కడికి నడిచొచ్చిన ఎల్లవ్వ, ఫోన్ ఆయన మొహం ముందు పెట్టింది.

"చెప్పు."

"అన్నం తింటూ... మాట్లాడేది. పడుకున్నాకా... మాట్లాడేది. నేను ఊఁ అంటే చాలు. ఆపితే... వింటున్నారా అనేది." గాలి పీల్చుకున్నాడు. "ఇప్పుడు ఇల్లంతా... నీళ్లల్లో తల పెట్టినట్టుంది."

అక్కడ ఆగిపోయాడు. ఫణికుమార్ తల పక్కకి తిప్పుకున్నాడు. ఎల్లవ్వ మాత్రం ఫోన్ తియ్యలేదు.

"ఊఁ" అంది.

ధర్మరాజు గట్టు వదలకుండానే మళ్లీ మొదలుపెట్టాడు.