కింద నిలబడి గుంజిన తాడు

మొన్న పొద్దున నాగర్‌కర్నూల్ రోడ్డు మీద పత్తి వ్యాను ఒకటి నా ముందునుంచి పోతుంటే, అంత ఎత్తు లోడు మీద ఇద్దరు కుర్రాళ్లు కాళ్లు చాపుకుని ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. వెంటనే మా మేనమామ గుర్తుకొచ్చాడు.

మన వయసు వాళ్లకు చెప్పనక్కరలేదు, కోడేరు వైపు పల్లెల్లో పత్తిని లారీకెత్తి, పైనుంచి కాళ్లతో తొక్కి అణచడానికి అప్పట్లో హమాలీల ముఠాలుండేవి. నేను కొత్తగా చేరిన ముఠాకు మామే పెద్ద. తొక్కుడయ్యాక లోడు అంచున నిలబడి, వెనక్కి వాలి, ఒంటి బరువంతా వేసి తాడు బిగించడం మా వాళ్లకు గొప్ప. కింద నిలబడి గుంజేవాణ్ణి ముసలోడని ఆటపట్టించేవాళ్లం. అలా బిగిస్తుండగానే ఒక సాయంత్రం లారీకి అవతలి పక్క కింది కొక్కెం నుంచి తాడు జారి, మామ వెల్లకిలా రాళ్ల మీద పడ్డాడు. దవాఖానలో తుంటి ఎముక అతికించారు గాని కాలు పొట్టిదైపోయింది.

ఇక ఇంటిపట్టున ఉంటాడనుకున్నాం. మరుసటి పత్తి కాలానికి చంకకర్ర వేసుకుని మళ్లీ వచ్చాడు. లోడెక్కలేని మనిషికి ముఠాలో ఏం పనని పత్తి కొనే షావుకారు విసుక్కున్నా వినిపించుకోలేదు. “పైన నిలబడి ఎవ్వడు తాడు గుంజొద్దు. దిగి కిందికెళ్లి గుంజుండ్రి, జర ఆల్శమైనా మంచిదే” అన్నాడు. షావుకారుకేమో తొందర, మాకేమో నామోషీ. మామ లారీ ముందుకు పోయి చంకకర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు, అందరి కాళ్లూ నేల మీదికొస్తేనే బండి కదులుతుందన్నాడు. గొణుక్కుంటూనే దిగాం.

ఆ పత్తి కాలంలోనే తాడు మరోసారి జారింది. అప్పుడు గుంజుతున్నది మామ కూతురి భర్త. నేల మీదే కాబట్టి చతికిలబడి, దుమ్ము దులుపుకుని లేచాడు. మేమంతా పగలబడి నవ్వాం. మామ ఒక్కడే నవ్వలేదు, చంకకర్రకు తల ఆనించాడు. అంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడా ముఠాలు చెదిరిపోయాయి, ఎవరి బండి వాళ్లది, ఎవరి తొందర వాళ్లది. ఎముకలు విరిచే ఆ పని పోయినందుకు నాకు దిగులు లేదు. కానీ కుంటికాలితో షావుకారుకు ఎదురు నిలిచి, మా కోసం మమ్మల్నే గద్దించిన పెద్దలు పోయారు. అప్పుడు ఆ గద్దింపుకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఒక్కసారి వినాలని ఉంది.