లస్కరు సీసా

మునగాల దగ్గర మా కాలువ తూములు ఎత్తి దించే లస్కరు చేతిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ సీసా ఉండేది. కాలువకు నీళ్లు వదిలిన రోజు మొదటి తూము దగ్గర దాన్ని నింపుకునేవాడు. ఎంత దాహమేసినా అందులోవి తాగేవాడు కాదు. ఎందుకని అడిగితే ఒకసారి, "కిందికి పోయినంక సూద్దువు, దా," అన్నాడు.

ఆ రోజు నాకు పట్టలేని సంబరం! మా పొలం కాలువ మొదట్లోనే. కాలువలోకి పైపులు దింపిన మోటారు వేయగానే మడిలోకి నీళ్లు దూకాయి. మోటారును అలాగే నడవనిచ్చి లస్కరు వెంట పడ్డాను. ఎండిన కాలువలో నురగను తోసుకుంటూ వస్తున్న నీళ్లతో పాటు గట్టు మీద ఇద్దరం పరుగులాంటి నడక. "వస్తున్నయ్! వస్తున్నయ్!" అని పొలాల్లో వాళ్లకు నేనే అరిచి చెప్పాను. గట్టు పొడవునా మోటార్లు, పైపులు. ఒక్కొక్కటి దాటేకొద్దీ నీళ్లు సన్నబడ్డాయి. చివరి తూము కనబడుతుండగానే ఇసుకలో ఇంకిపోయాయి.

అక్కడ చివరి పొలం అవ్వ పసుపు కుంకుమల పళ్లెంతో నిలబడి ఉంది. లస్కరు సీసా మూత తీసి ఆమె తూము ముందు నీళ్లు పోశాడు. ఆమె ఆ తడి మీదే పసుపు చల్లి దండం పెట్టింది.

"కృష్ణమ్మ గూడ గిట్లనే, సముద్రం దాకా పోకముందే ఒడుస్తది బిడ్డా. నడుమ అందరం తోడుకునేటోళ్లమే. గా సముద్రం కాడికి సీసాతోని ఎవరు మోస్తరు?" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మీ మోటారుకు పైపులు రెండా, మూడా?"

మూడు.