జాబితాలో మూడో పేరు

మా ఊరి జట్టు కప్పు ఫైనల్లో ఓడిపోయిన రోజు సాయంత్రం నా మనసు తేలికపడింది. ఈ మాట ఊళ్ళో ఎవరితోనూ అనలేదు. అంటే బాగుండదు కూడా.

మాది గజపతినగరం. ఇక్కడి కుర్రాళ్ళు, వాళ్ళ కంటే ముందు వాళ్ళ మేనమామలు, హైస్కూలు వెనక మైదానంలో ఫుట్‌బాల్ ఆడుతూనే ఉన్నారు. మా వారు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడేవారు. మోకాలు దెబ్బతిన్నాక ఆట మానేసి క్లబ్బు పనులు చూసుకునేవారు. వర్షాకాలంలో ఆయన పోయారు. ఫైనల్ నాటికి ఏడు నెలలు.

ఆ ఏడు నెలల్లో నాకొక అలవాటు ఏర్పడింది. బయటికి వెళ్ళే ముందు కిటికీలోంచి వీధి చూసేదాన్ని. ఎవరైనా ఏదో పని మీద బయల్దేరుతుంటే, వాళ్ళు మలుపు దాటేదాకా ఆగి అప్పుడు గేటు తీసేదాన్ని. భర్త పోయిన ఆడమనిషి ఎదురొస్తే వెళ్ళే పని చెడుతుందని మా వైపు నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని. అయినా ఆగేదాన్ని. ఎవరూ ఆగమని చెప్పలేదు. ఎవరి పని చెడినా నా వైపు చూస్తారేమోనన్న భయం, అంతే. దుఃఖం గురించి రాసిన పుస్తకాలు మా ఇంట్లో చాలానే ఉన్నాయి. గేటు గడియ గురించి వాటిలో ఏమీ లేదు.

జట్టు సెమీఫైనల్ గెలిచాక పాసుల గొడవ మొదలైంది. ఫైనల్ విజయనగరంలో. గ్యాలరీలో కూర్చోవడానికి మా క్లబ్బుకి నలభై పాసులు వచ్చాయి. మిగతావాళ్ళు అవతల మట్టిగట్టు మీద నిలబడి చూడొచ్చు. అయినా నీడన కూర్చునే ఆ నలభై చోట్ల కోసం బస్టాండు పక్క టీ దుకాణంలో నాలుగు రోజులు వాదించుకున్నారు. పాత ఆటగాళ్ళకి ముందు ఇవ్వాలని కొందరు, వర్షంలో కూడా ప్రతి మ్యాచ్‌కీ వచ్చినవాళ్ళకే ఇవ్వాలని కొందరు. ఆడేవాడి తల్లిదండ్రులకి ఇవ్వకుండా ఇంకెవరికిస్తారని మరికొందరు.

పాసులు పంచే బాధ్యత క్లబ్బు సెక్రటరీది. ఆయన రిటైరైన డ్రిల్లు మేస్టారు. మా ఎదురిల్లే. మా వారి స్నేహితుడు కాబట్టి నన్ను వదినా అని పిలుస్తారు. ఆయనకి అదృష్టం అనే మాట గిట్టదు. మన లెఫ్ట్ బ్యాక్ బంతితో ముందుకి పోతే తిరిగి రాడని, అవతలి జట్టులో కుడివైపు ఆడే కుర్రాడు మంచి జోరు మీద ఉన్నాడని, అక్కడొక మనిషిని అదనంగా పెట్టకపోతే కొంప మునుగుతుందని ఆయన వాదన. టీ గ్లాసులు బల్ల మీద పేర్చి మరీ చూపించేవారట.

ఆయనకి పోటీ మోటారు సైకిళ్ళ మెకానిక్. ఇతనిది పూర్తిగా అదృష్టం లెక్క. మొదటి మ్యాచ్ గెలిచినప్పుడు వేసుకున్న చొక్కాని ఆ తర్వాత ఉతకనివ్వలేదు. సెమీఫైనల్లో ఒక పెద్దాయన మూత్రానికి వెళ్ళినప్పుడు మావాళ్ళు గోల్ కొట్టారట. అందుకని ఫైనల్‌కి ఆ పెద్దాయనకి పాసు ఇచ్చి, ఆట అయ్యేదాకా బయటే నిలబెట్టాలన్నాడు. పాసిచ్చి బయట నిలబెట్టడమేమిటని ఆ పెద్దాయన గొడవపడితే, "ఊరు కోసం ఆ మాత్రం సెయ్యలేవేటి బావా" అన్నాడట.

పాసుల జాబితా కిందటేడు మా వారే రాశారు. అందులో ఆయనది మూడో పేరు. ఈసారి పంపకానికీ మేస్టారు ఆ కాగితాన్నే తీశారు, ఆ పేరు ఎవరూ మార్చలేదు. చదువుతూ ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి టీ దుకాణంలో అందరూ ఊరుకున్నారని మేస్టారే నాకు చెప్పారు. ఆ పాసు ఇంటికే వెళ్ళాలని ఒకరన్నారు. ఇంకా ఏడాది తిరగలేదు కదా అని మరొకరు గొణిగారు. మెకానిక్ ఏమన్నాడని అడిగాను.

"ఏటీ అన్లేదు వదినా. టీ తాగీసి ఎల్లిపోనాడు."

రోజంతా మాట్లాడే మనిషి ఏమీ అనలేదంటే నాకు భయం వేసింది.

మేస్టారు పాసు గేటు మీంచి అందించారు. "ఆ పేరు కొట్టీడానికి నాకు సెయ్యి రాలేదు. ఇది నీదే. వస్తావో మానతావో నీ ఇష్టం," అని వెళ్ళిపోయారు.

రెండు రోజులు ఆలోచించాను. వెళ్ళాలనే ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆడుతుంటే, ఆ తర్వాత ఆయన పక్కన నిలబడి చూసిన ఆట. కాని జట్టు ఓడిపోతే? మా ఊళ్ళో ఓటమికి ఒక కారణం దొరికేదాకా ఎవరూ ఊరుకోరు. ఆ కారణం నేనైతే బతికినన్నాళ్ళూ నేనే. మళ్ళీ ఎప్పుడు ఫైనల్ దాకా వచ్చినా, ఈసారి ఆవిడ రాదు కదా అని అడుగుతారు.

చివరికి ఒక ఉపాయం తోచింది. జట్టు, మావాళ్ళు కలిసి వెళ్ళే బస్సు పదకొండు గంటలకి. వాళ్ళు బయల్దేరే వేళకి నేను ఊళ్ళో లేకపోతే ఎదురొచ్చే ప్రసక్తే ఉండదు. తొమ్మిది గంటల ఆర్డినరీ బస్సు ఎక్కాను. విజయనగరంలో దిగి ఆటోలో మైదానానికి వెళ్ళాను. గేటు ఇంకా తెరవలేదు. ఎండగా ఉంటే, గేటు పక్కన రేకుల నీడలో నిలబడ్డాను. చాలాసేపు అక్కడే ఉన్నాను.

మా బస్సు వచ్చి సరిగ్గా నా ముందే ఆగింది. ముందుగా ఆ ఉతకని చొక్కాతో మెకానిక్ దిగాడు. అతని వెనక బ్యాగులు పట్టుకుని ఆటగాళ్ళందరూ. ఫైనల్ ఆడటానికి వచ్చి వాళ్ళు మొట్టమొదట చూసిన మనిషిని నేను. తప్పుకుందామంటే వెనక గోడ, పక్కన మూసి ఉన్న గేటు. ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నా సరిపోయేది. పనిగట్టుకుని రెండు గంటలు ముందు వచ్చి ఎదురు నిలబడ్డాను.

మెకానిక్ నన్ను చూశాడు. బస్సు మీంచి సామాను దించడానికి వెళ్ళిపోయాడు. గోల్‌కీపర్ మాత్రం "ముందే వచ్చీసినారా టీచరమ్మా" అని పలకరించి నా పక్కనుంచి వెళ్ళాడు.

మొదటి సగంలో మావాళ్ళే గోల్ కొట్టారు. గ్యాలరీలో అందరూ లేచారు. నేనూ లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. రెండో సగంలో మేస్టారు చెప్పినట్టే జరిగింది. లెఫ్ట్ బ్యాక్ ముందుకి వెళ్ళాడు, వెనక అంతా ఖాళీ. అవతలి కుర్రాడు ఒక గోల్ తనే కొట్టాడు. ఆట అయిపోయే ముందు ఇంకొకడి చేత కొట్టించాడు. విజిల్ వేశాక నేను కింది మెట్టు వైపు చూస్తూ కూర్చున్నాను, ఎవరు ముందు నా వైపు తిరుగుతారా అని.

ఎవరూ తిరగలేదు. వాదన అప్పటికే మొదలైపోయింది. అది గ్యాలరీ దిగి, మాతోపాటు బస్సు ఎక్కింది. మేస్టారు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి పక్క వరసలో కూర్చున్నారు. మెకానిక్ నా వెనక. ఎడమవైపు మనిషిని పెట్టకపోవడమే కారణమని ఆయన, రెండో గోల్ ఆఫ్‌సైడ్ అని ఇతను.

బొండపల్లి దాటేదాకా వింటూ కూర్చున్నాను. ఓడిపోయి ఇంతసేపయినా నా ఊసు రాలేదంటే నమ్మబుద్ధి కాలేదు. నేనున్నానని మర్యాదకి ఊరుకున్నారేమో. అలా ఊరుకున్న మాట రేపు టీ దుకాణంలో బయటికొస్తుంది. అది నా ముందే వస్తే నయమనిపించి వెనక్కి తిరిగాను.

"బస్సు దిగగానే మీకు ఎదురొచ్చింది నేనే కదా," అన్నాను.

మెకానిక్ నా సీటు వెనక కమ్మీ పట్టుకుని ముందుకి వంగాడు.

"ఒచ్చినావు," అన్నాడు. "అబద్దమెందుకు, పాసు నీకిచ్చిన కాడ్నించీ నాను అదే అనుకుంతన్నాను. గేటుకాడ నిన్ను సూసీసరికి గుండి జారిపోనాది. మరి మొదటి గోలు మనవే కొట్టినాం కదా. అప్పుడూ నువ్వక్కడే కూకున్నావు. నీవల్ల ఓడిపోనామంటే ఆ గోలూ నీవల్లే పడ్డాదనాల. అలగైతే అంతమందిని బస్సులో ఏసుకుని ఎల్లడమెందుకు? నిన్నొక్కదాన్నే పంపీవోళ్ళం."

మేస్టారు గట్టిగా నవ్వేశారు. మెకానిక్ ఆయన మీదకి తిరిగాడు.

"నువ్వు నవ్వకు మావా. నీ గ్లాసులు సూసి సూసి ఇసుగొచ్చే కోచ్ నీ మాట ఇన్లేదు." ఆ వెంటనే మళ్ళీ నా వైపు వంగాడు. "అది కాదు టీచరమ్మా, నువ్వు ఆ వేపే కూకున్నావు. రెండో గోలు ఆఫ్‌సైడా కాదా, నువ్వు సెప్పు."

కాదన్నాను. మన సెంటర్ బ్యాక్ ఒకడు ముందుకి రాకుండా వెనకే ఉండిపోయాడని, బంతి వచ్చేటప్పటికి కొట్టినవాడు అతన్ని దాటి లేడని, అందుకే అది సరైన గోలేనని చెప్పాను. అతను ఒప్పుకోలేదు. కళ్ళజోడు మార్చుకోమన్నాడు. నాకు కోపం వచ్చింది. నన్నే అడిగి, చెబితే కాదంటే ఎలా అని గొంతు పెంచాను. ఏడు నెలల్లో అదే మొదటిసారి. అతనూ తగ్గలేదు. వెనక సీట్ల వాళ్ళు కొందరు నా వైపు, ఎక్కువమంది అతని వైపు.

గజపతినగరం చేరేసరికి కూడా తేలలేదు. బస్టాండులో దిగాక అతను చెప్పుతో మట్టిలో గీత గీసి, మన ఆఖరి మనిషి ఇక్కడే ఉన్నాడన్నాడు. నేను నా చెప్పుతో దాన్ని చెరిపేసి, రెండడుగులు వెనక్కి వెళ్ళి ఇంకో గీత గీశాను.