అమ్మవారు పోసిన ఇంట్లో ఒక్క మనిషి

1944 మాఘంలో నన్ను వంశధార ఒడ్డు ఫిర్కాకు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. శ్రీముఖలింగం దాటాక నదికి రెండు వైపులా ఉన్న ఊళ్ళు నా కింద. పేరుకి ఇన్‌స్పెక్టరునే గాని, ఒక సైకిలు, ఒక బ్లీచింగు పౌడరు డబ్బా, టీకాలు వేసే వ్యాక్సినేటరు ఒకడు, ఇదీ నా దర్జా. పైన జిల్లా హెల్త్ ఆఫీసరు. ఆయన కారు వస్తుందంటే ఊరంతా ఊడ్పించాలి. కలరా వస్తే బావులు, మశూచి వస్తే టీకాలు చూసుకోవడం మా పని. ఆ ఏడు మశూచి వచ్చింది.

మా శాఖలో ఒక నియమం ఉండేది. మశూచి సోకిన ఇంట్లో రోగి దగ్గర ఒక్క మనిషే మసలాలి. ఆ మనిషికి ఇదివరకే మశూచి వచ్చి తగ్గి ఉండాలి, లేదా టీకా పట్టి ఉండాలి. టీకా పట్టడమంటే పొడిచిన చోట వారానికల్లా పొక్కు లేచి చీము పట్టడం. పట్టిందో లేదో చూసుకుని రావడం నా ఉద్యోగం. ఊళ్ళ ఆచారం కూడా ఇంచుమించు ఇదే. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కడతారు, తాలింపు వెయ్యరు, తల దువ్వుకోరు. సేవ చేసే మనిషి, రోగికి పక్కులు రాలి నీళ్ళు పోసేదాకా, గడప దాటకూడదు. ప్రభుత్వమూ ఆచారమూ ఒక్క మాట మీద ఉండడం నా సర్వీసులో నేను చూసింది అక్కడే. నాకెంతో సుఖంగా ఉండేది.

ఆచారంలో ఇంకొక ముక్క కూడా ఉంది. సేవ చేసే మనిషి విసుక్కోకూడదు. అలిసిపోయానన్నా, నావల్ల కాదన్నా అమ్మవారికి కోపమొస్తుంది. ఎవరు పలకరించినా ‘అమ్మ సల్లగా ఆడతన్నాది’ అనాలి. రోగికి ఏమైనా అయితే ఆ నింద కూడా ఆమె నెత్తినే. నేనూ ఈ జిల్లావాణ్ణే, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ఊళ్ళో మొదట అమ్మవారు పోసింది మునసబుగారింట్లో, ఆయన చిన్న కొడుక్కి. పెద్ద కొడుకు అప్పలస్వామి భార్య సూరమ్మ. చిన్నప్పుడే మశూచి వచ్చి మొహం నిండా మచ్చలున్న మనిషి. ఆ మచ్చలకి వంక పెట్టి నిశ్చితార్థం నాడు సణిగిన ఇంట్లో ఇప్పుడా మచ్చలే అక్కరకొచ్చాయి. సేవకి ఆమెని నిలబెట్టారు. బాగుంది, నియమానికి సరిపోయిందన్నాను నేను. ఆమెకి ఏడాది నిండని కొడుకు, ఇంకా చనుబాలు తాగుతున్నాడు. వాణ్ణి నది అవతల ఆమె కన్నవారింటికి పంపించాం. వెళ్ళేముందు నేనే దగ్గరుండి వాడికి టీకా వేయించాను. చక్కగా పట్టింది.

అప్పలస్వామి గురించి ఒక్క మాట చెప్పాలి. ఆ ఊళ్ళో టీకాకి మొదట చొక్కా చేయి మడిచింది అతనే. అతనికి పట్టాకే మిగతా జనం కదిలారు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరు మొండికేసినా, అప్పలస్వామిని చూడండి, నిక్షేపంలా ఉన్నాడు అని నేను దండోరా వేసేవాణ్ణి.

మరిదికి పక్కులు రాలకముందే అత్తగారికి పోసింది. సూరమ్మ గడప దాటే రోజు వెనక్కి జరిగింది. నేను వీధి అరుగు మీద నిలబడి ఎలా ఉందమ్మా అని అడిగేవాణ్ణి. అమ్మ సల్లగా ఆడతన్నాది బాబూ అనేది. సరేనని సైకిలెక్కేవాణ్ణి. కళ్ళు లోపలికి పోయాయని, మాట్లాడుతూ గుంజ పట్టుకుని నిలబడుతోందని కనిపిస్తూనే ఉంది. కనిపించనట్టు ఉండడం నాకు బాగా చేతనైంది.

ఒకనాడు ఆమె నన్ను ఆపి అడిగింది. “పిల్లోడికి టీకా పట్టినాది గదా బాబూ. నాను తానం సేసి, కోక ఉడకేసి కట్టుకుని, ఓపాలి ఎల్లి పాలిచ్చి వచ్చీమంటారా? ఇంకెన్నాల్లో నిలవవు పాలు.”

నేను తల గీరుకుంటూ ఉండగానే లోపల మంచం మీంచి అత్తగారు అందుకుంది. నా వ్యాక్సినేటరును చీపురు పుచ్చుకుని తరిమిన ఘనురాలు ఆమె. ఒళ్ళంతా పొక్కులతో ఉన్నా గొంతు మాత్రం తగ్గలేదు. కోడలు దొడ్లో గోడకేసి పాలు పిండేసుకుంటోందని, రొమ్ములు గడ్డకట్టి జ్వరం కూడా కాసిందని నాకు చెప్పింది ఆమే. వాకిట్లో నిలబడ్డ కొడుకుని పిలిచింది.

“ఒరే, నీకు సూదేసినారు గదరా! పొక్కు గూడా లేసినాది గదా! ఇలాగ్రా, నాకు నీల్లియ్యి. ఆ గుంటనొగ్గీరా, పిల్లోడి కాడికి ఎల్తాది.”

కోడల్ని వదిలెయ్యమన్న తల్లి మాటకి అప్పలస్వామి ఒక అడుగు ముందుకేసి నా మొహం చూశాడు. వద్దన్నాను. ఒక్క మనిషే ఉండాలి, రూలు అన్నాను. మనిషి మారకూడదని ఆ రూల్లో ఎక్కడా లేదు. టీకా పట్టినవాడు నిరభ్యంతరంగా సేవ చెయ్యొచ్చు. కాని అతని ఒంటిమీద ఒక్క పొక్కు లేచిందా, నా టీకాల పని గంగలో కలిసినట్టే. ఊరూరా గొంతు చించుకుని టీకా గొప్ప చెప్పిన పెద్దమనిషికి, ఆ టీకా మీద అంతపాటి నమ్మకం! పైగా రోగులకి నీళ్ళిచ్చి చీము తుడిచేది ఆడవాళ్ళని నాకూ గట్టిగా నాటుకుపోయి ఉంది. అప్పలస్వామి అడుగు వెనక్కి వేశాడు. తేలికపడ్డాడని తెలుస్తూనే ఉంది. నేనూ తేలికపడ్డాను. సూరమ్మ కొంగు బిగించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తరవాత హెల్త్ ఆఫీసరుగారు వచ్చారు. వీధిలోంచే ఇల్లు చూసి, ఏర్పాటంటే ఇలా ఉండాలని నన్ను మెచ్చుకున్నారు. నేను ఉబ్బిపోయి, పక్క ఊళ్ళ ఆడవాళ్ళకి సూరమ్మని చూసి నేర్చుకోండని చెప్పడం మొదలుపెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అత్తగారికి నీళ్ళు పోశారో లేదో, ఆ ఇంట్లోనే ఉంటున్న ఆడపడుచు కూతురికి పోసింది. మళ్ళీ సూరమ్మే. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి లోపల అత్తగారు లబోదిబోమంటోంది. సూరమ్మ గంజి కుండ దించుతూ నిలువునా నిద్రపోయింది. కుండ జారి కాళ్ళ మీద పడింది. కేక కూడా వెయ్యలేదట. పాదాలు రెండూ బొబ్బలెక్కి, గోడకి చేరబడి కూచుంది. ఏమైందమ్మా అన్నాను.

“ఏటీ నేదు బాబూ. అమ్మ సల్లగా ఆడతన్నాది.”

అప్పలస్వామి ఈసారి నా మొహం చూడలేదు. తిన్నగా లోపలికి వెళ్ళి కుండ తీశాడు, నేల తుడిచాడు, మేనకోడలి పక్కన కూచుని విసనకర్ర అందుకున్నాడు. ఆ పిల్లకి నీళ్ళు పోసేదాకా సేవంతా అతనే చేశాడు. అతని ఒంటిమీద చెమటకాయ కూడా లేవలేదు. నా టీకా గెలిచింది. వీధుల్లో నన్ను మెచ్చుకుంటుంటే నేను తలెత్తలేకపోయాను. అతన్ని నేను మొదటే లోపలికి వెళ్ళనిచ్చి ఉండొచ్చు.

కాళ్ళు మానాక సూరమ్మని బండి మీద నది దాటించారు. వేసవి కదా, వంశధారలో మోకాలి లోతు నీళ్ళు, మిగతా అంతా ఇసక. అవతలి ఊళ్ళో టీకాలు చూసుకోవాల్సి ఉండి నేనూ పక్కన నడిచాను. పిల్లాడు అమ్మమ్మ చంకలో ఉన్నాడు. తల్లిని చూసి కొత్తమనిషిని చూసినట్టు ఏడ్చి, ముసలమ్మ భుజంలో మొహం దాచుకున్నాడు. సూరమ్మ బలవంతాన తీసుకుని రొమ్ము పట్టించింది. వాడు ఒకసారి నోరు పెట్టి, చేత్తో తోసేశాడు.

“ఇప్పుడేటి లాభమే, ఎండిపోనాయి. ఆడు మేకపాలకి అలవాటు పడిపోనాడు” అంది సూరమ్మ తల్లి. “ఇన్నాల్లూ నిన్నెవులాపినారే?”

“ఎవులూ ఆపనేదమ్మా” అంది సూరమ్మ.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆపింది నేనని చెప్పలేదు. వాడి భుజం మీద టీకా మచ్చ చూసి, బాగా పట్టిందని చెప్పి, తరవాతి ఇంటికి వెళ్ళిపోయాను.

ఆ తరవాత సర్వీసంతా, మశూచి ఇంటికి వెళ్ళినప్పుడు రోగి కంటే ముందు చూసుకునే మనిషిని చూశాను. ఎలా ఉందని ఆమెని అడగలేదు. అడిగితే వచ్చే జవాబు నాకు తెలుసు. ఆమె ఎప్పుడు నిద్రపోయింది, ఏం తింది అని మిగతావాళ్ళని నిలదీశాను. టీకా పట్టిన మగవాళ్ళని వంతులేసి లోపలికి పంపాను. కొన్ని ఇళ్ళలో తిట్టారు, ఒక ఇంట్లో తలుపేసుకున్నారు. మంచాన పడ్డ మనిషిని గురించి పైవాళ్ళు అడుగుతారు, పక్కన కూచున్న మనిషిని గురించి ఎవరూ అడగరు. అది ఇన్‌స్పెక్టరే అడగాలి. ఈ పాఠం నేర్చుకున్నది నేను. దానికి పాలు పోగొట్టుకున్నది సూరమ్మ కొడుకు.